రాత్రి భోజనం వేళ ఎవరి చేతిలో ఉంది?

(స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డాక్టరు గారు ఈ ఊళ్లో జనరల్ ప్రాక్టీసు చేసినవారు. మందుల చీటీ రాసేముందు మనిషి దినచర్య కనుక్కునే తరం వారిది. ఏం పని చేస్తారు, ఎన్నింటికి లేస్తారు, రాత్రి ఎన్నింటికి తింటారు, పడుకోగానే నిద్ర పడుతుందా అని అడిగేవారు. పరీక్షలు చేసే యంత్రాలు తక్కువగా ఉన్న రోజుల్లో సగం రోగ నిర్ధారణ ఆ ప్రశ్నలతోనే అయ్యేది. యంత్రాలు పెరిగాక ఆ ప్రశ్నలు మన ఓపీ గదుల్లోంచి జారిపోయాయి. వాటిని మళ్లీ తెచ్చుకోవాలన్న కోరికతో, రాత్రి తిండి, నిద్ర, జీవన నాణ్యత అన్న విషయాన్ని ఈ వేదిక మీద మాట్లాడడానికి ఎంచుకున్నాను.

చెప్పదలచుకున్న మాట ముందే చెబుతాను. పొద్దుపోయాక కడుపు నిండా తినడం, కంటికి చాలినంత నిద్ర లేకపోవడం ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. రెండూ కలిసి ఒంటిని, మనసును, పనిని, ఇంట్లోవాళ్లతో మసలే తీరును దెబ్బతీస్తాయి. ఇంతవరకూ మీలో చాలామందికి తెలిసిందే. అయితే, రాత్రి ఎన్నింటికి తినాలో తానే నిర్ణయించుకోగల మనిషి మన సమాజంలో ఎంతమంది? షిఫ్టు, కరెంటు, కాలేజీ టైంటేబులు, ఇంట్లో వడ్డన వరస — చాలామంది భోజనం వేళను ఇవే నిర్ణయిస్తున్నాయి. అందువల్ల ఈ సమస్యకు బాధ్యత కూడా తినేవాడి ఒక్కడిదే కాదు. ఈ మాటను నిరూపించడమే నా ప్రయత్నం.

జీవన నాణ్యతను ఎలా కొలుస్తారు

జీవన నాణ్యత అనగానే కారు, ఇల్లు, బ్యాంకు నిల్వ గుర్తుకొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో దీన్ని మరో విధంగా చూసింది. తన సంస్కృతి, తన విలువలు, తన ఆశలు, తన చింతల నడుమ మనిషి తన బతుకును తాను ఎలా చూసుకుంటున్నాడో అదే జీవన నాణ్యత అంది. దాన్ని కొలిచే ప్రశ్నావళిని తయారు చేసిన కేంద్రాల్లో మన చెన్నై, ఢిల్లీ కూడా ఉన్నాయి. దాని పొట్టి రూపంలో 26 ప్రశ్నలుంటాయి. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిసరాలు అని నాలుగు విభాగాలు. మీ నిద్రతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు అన్నది ఆ 26లో ఒకటి.

మిగతా ప్రశ్నల్ని కూడా చూడండి. రోజువారీ పనులకు ఓపిక ఉందా? మనసు పెట్టి పని చేయగలుగుతున్నారా? దిగులు, చిరాకు ఎంత తరచుగా వస్తున్నాయి? దగ్గరివాళ్లతో సంబంధాలు ఎలా ఉన్నాయి? నెల రోజులు సరిగా నిద్రపోని మనిషి వీటిలో దేనికి మంచి జవాబు రాయగలడు? నిద్రకు కేటాయించింది ఒక్క ప్రశ్నే అయినా, నిద్ర చెడితే సగం ప్రశ్నల జవాబులు మారిపోతాయి. జీవితానికి ఆసరాగా నిలిచే మూడింటిని చరకసంహిత చెప్పినప్పుడు మొదట ఆహారాన్ని, వెంటనే నిద్రను పేర్కొంది. మూడోది బ్రహ్మచర్యం. సుఖదుఃఖాలు, పుష్టి, బలం నిద్ర మీద ఆధారపడతాయని కూడా అంది. ఆహారాన్నీ నిద్రనూ పక్కపక్కన పెట్టి చూడడం మన వైద్యానికి కొత్త కాదు.

ఒంట్లో గడియారాలు

1729లో ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త ద మైరాన్ అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకుని, రాత్రికి ముడుచుకున్నాయి. ప్రాణిలోనే కాలం తెలిసే ఏర్పాటు ఉందనడానికి అది తొలి ఆనవాలు. పండ్ల ఈగల మీద పరిశోధించి ఆ ఏర్పాటు జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో చూపినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ 2017లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ గుహల్లోని గబ్బిలాల మీద ఈ జీవ గడియారాల అధ్యయనం చేశారు.

మనిషిలో పెద్ద గడియారం మెదడు అడుగు భాగంలో, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన ఉంటుంది. సుమారు 20,000 నాడీ కణాల ముద్ద అది. కంట్లో పడే వెలుతురును బట్టి అది తన వేళను సరిచూసుకుంటుంది. కాలేయానికి, క్లోమానికి, కొవ్వు కణజాలానికి కూడా సొంత గడియారాలున్నాయి. వాటికి వేళ చెప్పే ముఖ్యమైన గుర్తు తిండి. రాత్రి 11 గంటలకు బిర్యానీ తింటే కళ్లు రాత్రి అని చెబుతాయి, కాలేయానికి మాత్రం పగలు అన్న కబురు వెళుతుంది. ఒకే ఇంట్లో ముందు గదిలో గడియారం ఒక వేళ, వంటింట్లో గడియారం మరో వేళ చూపిస్తే ఆ ఇంటి పనులు ఎలా తారుమారవుతాయో ఒంట్లోనూ అలాగే అవుతుంది.

ఇక్కడ మెలటోనిన్ సంగతి చెప్పాలి. అలవాటైన నిద్ర వేళకు దాదాపు రెండు గంటల ముందు నుంచే ఈ హార్మోను రక్తంలో పెరగడం మొదలవుతుంది. ఒంటికి రాత్రి అయిందని తెలిపేది అదే. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద కూడా దీనికి గ్రాహకాలున్నాయి. అది పెరిగిన వేళకు ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో పళ్లెం నిండా అన్నం తింటే రక్తంలో చక్కెర ఎక్కువ ఎత్తుకు వెళ్లి, ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. 2015లో అమెరికాలో 14 మంది ఆరోగ్యవంతులకు ఒకే భోజనాన్ని పొద్దున 8కి, రాత్రి 8కి పెట్టి చూశారు. రాత్రి భోజనం తర్వాత చక్కెర 17 శాతం ఎక్కువగా ఉంది. తిన్నవాళ్లూ వాళ్లే, తిన్నదీ అదే. మారింది వేళ ఒక్కటే.

2022లో వచ్చిన మరో ప్రయోగం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. అధిక బరువున్న 16 మందికి అవే భోజనాలను, అంతే మోతాదులో, నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టారు. ఆకలి పెరిగింది. కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ తగ్గింది. ఒళ్లు ఖర్చు చేసే శక్తి తగ్గింది. కొవ్వు కణజాలంలో కొవ్వును కూడబెట్టే వైపు మార్పులు కనిపించాయి. ఇవి కొద్దిమంది మీద ప్రయోగశాలలో జరిగిన అధ్యయనాలు. వీటితోనే అన్నీ తేలిపోయాయనను. కానీ వేరువేరు పద్ధతుల్లో చేసినవి ఒకే దిక్కు చూపిస్తున్నాయి. 2023లో వెలువడ్డ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, ఆ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఇలాంటి దేశంలో భోజనం వేళను చిన్న విషయంగా కొట్టిపారేయలేం.

తిండి నిద్రను, నిద్ర తిండిని

తిన్న వెంటనే పడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఛాతీలో మంట, పుల్లని తేన్పులు, కడుపుబ్బరం ఎంతమందికి నిత్యం అనుభవమో ఏ మందుల షాపులో అడిగినా చెబుతారు. నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు కడుపులోని ఆమ్లాన్ని గురుత్వాకర్షణ కిందనే ఉంచుతుంది. పడుకుంటే ఆ సాయం పోతుంది. నిద్రలో లాలాజలం ఊరడం, గుటక వేయడం తగ్గిపోవడంతో అన్నవాహికలోకి ఎగదన్నిన ఆమ్లం త్వరగా కిందికి దిగదు. మనిషి పూర్తిగా మేలుకోకపోయినా నిద్ర చెదురుతుంది. పొద్దున లేచేసరికి ఏడెనిమిది గంటలు పడుకున్నట్టే ఉంటుంది గానీ ఒళ్లు బరువుగా ఉంటుంది. ఆకలి ఉండదు. టిఫిను మానేసి టీ తాగుతాడు. మధ్యాహ్నం ఏదో తిన్నాననిపిస్తాడు. సాయంత్రం నుంచి అసలు ఆకలి మొదలవుతుంది. రాత్రికి మళ్లీ పెద్ద భోజనం. ఈ చక్రం సంవత్సరాల తరబడి తిరుగుతుంది.

నిద్ర తక్కువైతే తిండి ఎలా మారుతుందో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు స్పష్టంగా చూపించారు. 1999లో 11 మంది యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. చక్కెరను సంబాళించుకునే శక్తి వాళ్లలో పడిపోయింది. 2004లో 12 మంది యువకుల మీద చేసిన పరిశీలనలో, రెండు రాత్రులు నాలుగేసి గంటల నిద్రతో గడిపాక లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి 24 శాతం పెరిగింది. మనసు పోయింది కూడా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదకే. అర్ధరాత్రి మిక్చరు పొట్లం విప్పేవాడిని నోరు కట్టుకోలేని మనిషి అంటుంటాం. నిద్ర చాలని ఒళ్లు అడిగినదాన్నే అతను తింటున్నాడు.

రాత్రి తినేవాళ్లు ముగ్గురు

రాత్రి తినేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. వైద్యుడిగా నాకు ముగ్గురు కనిపిస్తారు. జబ్బు వల్ల తినేవారు, పని వల్ల తినేవారు, అలవాటుగా తినేవారు. ముగ్గురికీ ఇవ్వాల్సిన సలహా ఒకటి కాదు.

మొదట జబ్బు. 1955లో అమెరికా మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, బరువు తగ్గలేక బాధపడుతున్న తన రోగుల్లో ఒక పోలిక గమనించారు. పొద్దున ఆకలి లేకపోవడం, సాయంత్రం నుంచి తిండి ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం. దానికి రాత్రి తిండి రుగ్మత అని పేరు వచ్చింది. 2010లో నిపుణులు ప్రమాణాలు రాశారు. రోజు తిండిలో నాలుగో వంతు లేదా అంతకన్నా ఎక్కువ రాత్రి భోజనం అయ్యాక తినడం, లేదా వారానికి కనీసం రెండుసార్లు నిద్ర మధ్యలో లేచి తినడం ఉండాలి. తింటున్నట్టు తనకు తెలిసే ఉండాలి. ఇది మూడు నెలలైనా సాగాలి. 2013లో అమెరికా మనోవైద్య సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి చోటిచ్చింది. ఇలాంటివారిలో చాలామందికి సాయంత్రమయ్యేసరికి దిగులు పెరుగుతుంది. ఏదో ఒకటి తినకపోతే మళ్లీ నిద్ర పట్టదన్న గట్టి నమ్మకం ఉంటుంది.

దీన్ని పోలినదే మరొకటి ఉంది. నిద్రలో నడిచినట్టే నిద్రలో తినడం. పొద్దున వంటింట్లో చెల్లాచెదురుగా పడి ఉన్న గిన్నెలు చూస్తే గానీ రాత్రి తిన్నట్టు వాళ్లకే తెలియదు. జోల్పిడెం లాంటి నిద్ర మాత్రలు కొందరిలో దీన్ని తెచ్చిపెడతాయి. డాక్టరు చీటీ లేకుండా నిద్ర మాత్రలు కొనుక్కునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు అర్ధరాత్రి చెమటలు పట్టి, వణుకుతో, విపరీతమైన ఆకలితో లేస్తే అది చక్కెర పడిపోయిన లక్షణం కావచ్చు. వాళ్లు అప్పటికప్పుడు గ్లూకోజో చక్కెరో తీసుకోవాలి. రాత్రి తినకూడదన్న మాట ఆ క్షణంలో వాళ్లకు వర్తించదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఒకేసారి ఎక్కువ తినలేని వృద్ధులకు కూడా ఆ నియమాన్ని గుడ్డిగా అంటగట్టకూడదు.

రాత్రి తిండి రుగ్మతకు వైద్యం ఉంది. ఆలోచననూ ప్రవర్తననూ క్రమంగా సరిదిద్దే చికిత్స ఉంది. సెర్ట్రలిన్ అనే మందును 34 మందికి ఎనిమిది వారాలు ఇచ్చి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల కన్నా మందు తీసుకున్నవాళ్లలో ఎక్కువ మందికి గుణం కనిపించింది. అడ్డం వచ్చేది సిగ్గు. దొంగతనంగా తింటోంది, తిండియావ అని ఇంట్లోవాళ్లు అనే మాటలకు భయపడి ఎవరూ డాక్టరు దగ్గర నోరు విప్పరు. మీ ఇంట్లో ఎవరైనా రాత్రుళ్లు లేచి తింటుంటే దయచేసి వెక్కిరించకండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

రాత్రి మేలుకుని పనిచేసేవారు

రెండో రకం వాళ్లు చాలా ఎక్కువ మంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో, సింగరేణి గనుల్లో రాత్రి షిఫ్టు తరాల నుంచి ఉంది. ఆసుపత్రి నర్సులు, రైల్వే లోకో పైలట్లు, పోలీసులు, లారీ డ్రైవర్లు, అపార్టుమెంటు వాచ్‌మెన్లు సరేసరి. హైదరాబాదు సాఫ్ట్‌వేరు కంపెనీలు చాలా వాటికి అమెరికా గడియారం. న్యూయార్క్‌లో పొద్దున 9 గంటలకు ఆఫీసు తెరిస్తే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అక్కడ 5 గంటలకు మూసేవేళకు ఇక్కడ తెల్లవారుజామున 2.30, లేదా 3.30. ఆ ఉద్యోగులు ఆకలేసి ఫోనులో ఆర్డరిస్తే, దాన్ని మోసుకొచ్చే కుర్రాడికి కూడా అది మేలుకునే రాత్రే.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లలో ఉండే మనుషుల్ని ఇంకెవరూ లెక్కపెట్టరు. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి నాచు, రొయ్యలు, సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. తెల్లవారడానికి ముందు ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట పోయినట్టే. అందుకని సరిగ్గా మనిషికి నిద్ర ముంచుకొచ్చే ఆ వేళలోనే కాపలా మనిషి కళ్లు తెరిచి ఉండాలి. మనం ఎగుమతుల లెక్కల్లో చూసే రొయ్య వెనుక ఆ నిద్ర లేని కళ్లున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని 2007లో బహుశా క్యాన్సర్‌కు దారితీసేదిగా వర్గీకరించింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి పని తప్పనివారికి ఆశ కలిగించే సంగతి ఒకటుంది. 2021లో అమెరికాలో 19 మందిని ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు మాదిరిగా మేలుకోబెట్టారు. కొందరికి రాత్రి కూడా భోజనం పెట్టారు, మిగిలినవారికి భోజనాలన్నీ పగటి వేళల్లోనే పెట్టారు. రాత్రి తిన్నవారిలో చక్కెర 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో పెరగలేదు. ఆ ప్రయోగం నుంచే 2022లో ఇంకో ఫలితం వచ్చింది. రాత్రి తిన్నవారిలో దిగులు లక్షణాలు 26 శాతం, ఆందోళన లక్షణాలు 16 శాతం పెరిగాయి. పగలే తిన్నవారిలో ఆ మార్పు లేదు. షిఫ్టును మార్చలేకపోయినా, ఆ రాత్రి తిండిని మార్చి ఒంటికీ మనసుకూ కొంత రక్షణ కల్పించవచ్చన్నమాట.

అయితే ఆ మార్పు కార్మికుడి ఒక్కడి వల్ల అవుతుందా? 250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీను పెట్టించే అధికారాన్ని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. క్యాంటీను ఉన్నచోట కూడా రాత్రి 2 గంటలకు దొరికేది పూరీ, మిరపకాయ బజ్జీ, చక్కెర టీ అయితే ఆ మనిషి ఇంకేం తింటాడు? పల్లెల్లో చూడండి. పొలాలకు కరెంటు రాత్రి పూట ఇచ్చిన రోజుల్లో రైతు అన్నం తిని టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి వెళ్లేవాడు. పాము కాట్లు, షాకులు సరే, ఆ ఏళ్లలో పోయిన నిద్రను ఎవరూ లెక్క వేయలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు దాన్ని పంటల కోణం నుంచే చర్చించాం. రైతు ఇంట్లో పడుకునే రాత్రుల కోణం నుంచి కూడా చూడవలసింది. ఒక ప్రభుత్వ నిర్ణయం కొన్ని లక్షల ఇళ్లలో నిద్ర వేళను మార్చగలదు.

ఇంట్లో ఆఖరున తినేది ఎవరు

మూడోది అలవాటు. రాత్రి 9.30 దాకా టీవీ సీరియళ్లు, ఆ తర్వాత అన్నం, ఆ తర్వాత ఫోను. పట్నంలో రోజు మొత్తంలో ఇంటిల్లిపాదీ కలిసేది ఆ వేళ ఒక్కటే కావడంతో రాత్రి భోజనమే పెద్ద భోజనం అయింది. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు, అక్కడ తెల్లవారి వాళ్లు ఫోను చేసే దాకా అన్నం సహించదు. ప్రేమతో, కలిసి కూర్చోవాలన్న కోరికతో పుట్టిన అలవాట్లివి. వీటిని తప్పు పట్టను. పెళ్లిలో రాత్రి లగ్నం, శివరాత్రి జాగరణ లాంటివి ఎప్పుడో ఒకసారి వచ్చేవి. ఒంటికి ఆ మాత్రం ఓర్పు ఉంది. ప్రతి రాత్రీ పెళ్లి రాత్రి అయితేనే చిక్కు.

కానీ అలవాటు అన్న మాట ఇంట్లో అందరికీ సమానంగా వర్తించదు. భర్త వచ్చేదాకా ఆగి, అత్తమామలకు పెట్టి, పిల్లలకు తినిపించి, అందరూ లేచాక చల్లారిన అన్నంతో కూర్చునే ఇల్లాలికి రాత్రి 10 గంటల భోజనం అలవాటా, అనివార్యమా? తిన్నాక అంట్లు తోమాలి, పాలు తోడెయ్యాలి, పొద్దున్నకు పప్పు నానబొయ్యాలి. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది కూడా ఆవిడే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 202 నిమిషాల తేడాలో కొంత ఆవిడ నిద్ర లోంచి వచ్చి ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులనీ, నీరసమనీ, చిరాకనీ ఆవిడ ఆసుపత్రికి వస్తే మనం విటమిన్ మాత్రలు రాసి పంపుతున్నాం.

పిల్లల సంగతి ఇంకా బాధాకరం. యవ్వనంలో అడుగుపెట్టే వయసులో ఒంట్లో గడియారం సహజంగానే ఆలస్యం వైపు జరుగుతుంది. రాత్రి త్వరగా నిద్ర రాదు, పొద్దున త్వరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు, వయసు లక్షణం. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఇంజనీరింగు, మెడిసిన్ ప్రవేశ పరీక్షలకు తర్ఫీదిచ్చే హాస్టళ్లు చాలా వాటిలో రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, తెల్లవారకముందే గంట. 7.30కి తిన్న అన్నం 11 అయ్యేసరికి అరిగిపోతుంది. ట్రంకుపెట్టెలో దాచుకున్న బిస్కెట్లు, నూడుల్సే గతి. చదివింది మనసులో నిలవడానికి నిద్ర కావాలని శాస్త్రం చెబుతోంది. చదువు కోసం నిద్రను కోసేయడం చదువునే కోసేయడం. తల్లిదండ్రులు హాస్టలు చూడ్డానికి వెళ్లినప్పుడు ర్యాంకుల బోర్డుతో పాటు టైంటేబులును కూడా అడిగి చూడాలి. దీపాలు ఎన్నింటికి ఆర్పుతారని అడగాలి.

ఏం చేయగలం

ముందు, వేళ తమ చేతిలో ఉన్నవారి సంగతి. రాత్రి భోజనానికీ పడకకూ నడుమ రెండు మూడు గంటలు ఉండాలి. ఇంటికి చేరేసరికి ఆలస్యమయ్యేవారు భోజనాన్ని రెండుగా విడగొట్టుకోవచ్చు. సాయంత్రం 6 ప్రాంతంలో ఆఫీసులోనే ఇంటి డబ్బా తినేసి, ఇంటికి వచ్చాక అందరితో కూర్చుని కాస్త మజ్జిగన్నమో, జావో తీసుకుంటే కలిసి తినే ఆనందం పోదు, కడుపు బరువెక్కదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం తర్వాత దాని జోలికి వెళ్లకపోవడం మంచిది. మద్యం నిద్ర తెస్తుందన్నది భ్రమ. అది కునుకు తెచ్చినా తెల్లవారుజాము నిద్రను ముక్కలు చేస్తుంది. సెలవు రోజున కూడా లేచే వేళ పెద్దగా మారకూడదు. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

రాత్రి షిఫ్టువారు ముఖ్యమైన భోజనం డ్యూటీకి ముందే చేయాలి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా వీలైనంత తక్కువ తినాలి. తప్పనిసరైతే తేలికైనదేదో కొంచెం తినాలి. ఇంటికి వచ్చాక చీకటి గది, నిశ్శబ్దం కావాలి. అవి ఇంట్లోవాళ్లు ఇవ్వాల్సినవి. పగలు పడుకున్న మనిషిని బద్ధకస్తుడిగా చూడకుండా, ఆ నిద్రను జీతంలో భాగంగా గౌరవించాలి.

ఇంట్లో ఒక్క మార్పు కోరుతాను. ఇల్లాలు అందరితో కలిసి, అదే వేళకు, వేడి అన్నం తినాలి. తర్వాతి పని ఇంట్లోవారంతా పంచుకోవాలి. ఏ మందుల షాపులోనూ దొరకని ఆరోగ్యం ఇది.

యాజమాన్యాలను కోరేది కూడా ఎక్కువేమీ కాదు. షిఫ్టులు వారం వారం ఇష్టం వచ్చినట్టు తిప్పకుండా ముందుగా తెలియజేయండి. వరస రాత్రుల తర్వాత చాలినంత విరామం ఇవ్వండి. రాత్రి క్యాంటీనులో నూనెలో వేయించినవాటి బదులు ఇడ్లీ, పెరుగన్నం, ఉడికించిన శనగలు, పండ్లు ఉంచండి. చెరువు గట్టు కాపలాకు ఇద్దరు మనుషులను పెట్టి, వంతులవారీగా పడుకోనివ్వండి. యువ వైద్యులను ఒకటి కోరతాను. ప్రతి మధుమేహి, ప్రతి బీపీ రోగి, దిగులుతో వచ్చిన ప్రతి మనిషి చీటీ మీద రెండు వేళలు రాయండి: రాత్రి భోజనం వేళ, నిద్ర వేళ. ఆ వేళలను ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా అడగండి. జవాబు మీ చికిత్సను మారుస్తుంది.

రాత్రి పని లేకుండా ఏ సమాజమూ నడవదు. నర్సు మేలుకోవాలి, రైలు నడవాలి, చెరువులో ఏరియేటరు తిరగాలి. కానీ రాత్రి మనకు దొరికే ప్రతి సౌకర్యానికీ ఎవరో ఒకరి నిద్ర ఖర్చవుతోంది. ఆ ఖర్చును లెక్కలోకి తీసుకుని, అనవసరమైనదాన్ని తగ్గించి, అవసరమైనదాన్ని పంచుకోవాలి. మంచి తిండి అందరికీ అందాలని మన దేశం ఎన్నో పథకాలు పెట్టుకుంది. వేళకు తినే హక్కు, కంటినిండా నిద్రపోయే హక్కు కూడా ఆ న్యాయంలో భాగమే. ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో, చట్టసభల్లో దాన్ని ఆ విధంగా అడగడం మొదలుపెడదాం.